గడ్డ తగ్గాక తీసుకురండి

“ఏవండీ, నాకెందుకో మనసు కీడు శంకిస్తోందండీ. ఈ ఇంట్లో ఎవరికో ఏదో అవుతుంది, చూస్తూ ఉండండి,” అంది సత్యవేణి, కాఫీ ఫిల్టరు మీద మూత పెడుతూ.

అప్పటికి ఎవరికీ ఏమీ కాలేదు. కనీసం పాలు కూడా పొంగలేదు. ఆవిడ భర్త గవర్రాజు పేపర్లోంచి తల ఎత్తలేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మనసు కీడు శంకించని రోజును ఆయన ఎరగడు. ఆయన ఆఫీసు నుంచి రావడం కాస్త ఆలస్యమైతే లారీ గుద్దేసింది. తొమ్మిదో క్లాసు చదివే కూతురు దివిజ తుమ్మితే నిమోనియా. బల్లి అరిస్తే అపశకునం, రెండ్రోజులు అరవకపోతే “పాపం దానికేమైందో” అని ఇంకో దిగులు.

“ఎవరికో ఏదో అంటే ఎలాగే? పేరూ వివరం చెబితే జాగ్రత్త పడతాం గదా,” అన్నాడు గవర్రాజు.

“ఆడండి, ఆడండి వేళాకోళం. జరిగినాక తెలుస్తుంది.”

“నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదంట గదా. మంత్రసానికి కాళ్లు లాగేస్తున్నాయేమోనని కంగారు పడ్డావంట. మీ అమ్మే చెప్పింది.”

దివిజ కిసుక్కున నవ్వింది. బల్ల కింద పడుకున్న జున్ను కూడా తోక ఆడించింది.

జున్ను ఆ ఇంటి కుక్క. పేరుకు తగ్గట్టు ఒళ్లంతా తెలుపు. పొట్ట మీద బొచ్చు పలచన, దాని కింద చర్మం లేత గులాబీ రంగు. వేసవి వచ్చిందంటే దానికో ఉద్యోగం ఉంది. డాబా మీద సత్యవేణి పెట్టిన గుమ్మడి వడియాలకు కాపలా. కాపలా అంటే వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ ఆకాశానికి చూపించి, పొట్ట మాడేదాకా ఎండలో నిద్రపోవడం. కాకులు దానికి భయపడేవో, చావింటి దగ్గర వడియాలు తినడం మర్యాద కాదనుకునేవో గానీ, వడియాలు మాత్రం దక్కేవి.

ఆ సాయంత్రం జున్నుకు స్నానం చేయించి తుండుతో పొట్ట తుడుస్తూంటే సత్యవేణి చేతికి ఏదో గట్టిగా తగిలింది. ఎర్రగా, వేరుశనగ గింజంత గడ్డ.

“నే చెప్పలేదూ!” అని ఒక్క కేక పెట్టింది. అందులో భయం ఎంతుందో, ఇన్నాళ్లకు తన మాట నిలబడిందన్న తృప్తి కూడా కాస్త ఉంది. ఆ తృప్తి మాత్రం రాత్రి అన్నాల దాకా కూడా నిలవలేదు.

వాళ్ల పట్టణం అదృష్టం చేసుకుంది. ప్రభుత్వం వారు కుక్కల్ని కూడా మనుషులతో సమానంగా చూడాలని తీర్మానించి, ఆస్పత్రుల్లో మనుషులకు కలిగించే సదుపాయాలన్నీ వాటికీ కలిగించారు. అందులో భాగంగా ఊరి చివర “శునక చర్మ క్యాన్సర్ విశిష్ట చికిత్సా కేంద్రం” వెలిసింది. గేటు మీద దీపాల బోర్డు. “మా బతుకు శాతం: 91” అని రాత్రీ పగలూ వెలుగుతూ ఉంటుంది. శాతం తొంభై కంటే కిందికి దిగిన కేంద్రాన్ని ఎత్తేసి, సిబ్బందిని దూరాభారాలకు బదిలీ చేస్తామని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. అప్పట్నుంచి ఆ ఆవరణలో అడుగు పెట్టినవాళ్లంతా కుక్క కంటే ముందు బోర్డు వైపు చూడడం అలవాటు చేసుకున్నారు.

మర్నాడు మొగుడూ పెళ్లాం జున్నును ఆటోలో తీసుకెళ్లారు. శస్త్రవైద్యుడు ప్రభుదాసు బక్కపల్చని మనిషి. గడ్డను రెండువేళ్లతో పట్టి అటూ ఇటూ కదిపి, కాళ్ల సందుల్లో బిళ్లలు కట్టాయేమో తడిమి చూశాడు.

“ఎండ వల్ల వచ్చిందమ్మా. తెల్ల కుక్కలకి, బొచ్చు పల్చగా ఉన్నచోట ఇలాంటివి లేస్తాయి. ఇంకా చిన్నదే. లోపలికి పాకినట్టు లేదు. చుట్టూ కాస్త మంచి చర్మం కలిపి కోసేస్తే...”

“బతుకుతాడాండీ?” అంది సత్యవేణి.

ప్రభుదాసు నోరు తెరిచాడు.

“ప్రభుదాసు గారూ!” అని గుమ్మంలోంచి వినబడింది. సూపరింటెండెంట్ కోదండపాణి గారు. నిలువెత్తు మనిషి, అంతకు తగ్గ కండువా. “జీవనావకాశముల విషయమై శస్త్రవైద్యులు నోటిమాటగా అభిప్రాయం వెలిబుచ్చరాదని ఉత్తర్వు ఉన్నదా, లేదా?”

“ఉందండి.”

“మరి?”

ప్రభుదాసు తెరిచిన నోరు మూసేశాడు.

కోదండపాణి గారు కుర్చీలో కూర్చుని, సత్యవేణి దంపతుల్ని ఎంతో ఆదరంగా చూశాడు. “చూడమ్మా. మా కేంద్రమున చేరిన శునకములపై మేము లోతైన అధ్యయనం జరిపించాం. ఏవి బతుకుతున్నాయి, ఏవి గతిస్తున్నాయి, ఎందుచేత? తేలినదేమనగా, గడ్డ చిన్నదైనచో బతుకుతున్నాయి. పెద్దదైనచో గతిస్తున్నాయి.”

“అది కనుక్కోడానికి అధ్యయనం ఎందుకండీ?” అన్నాడు గవర్రాజు.

“ఎందుకంటారేమిటండీ? తెలిసిన పిమ్మట తగు చర్య తీసుకోవద్దూ? తీసుకున్నాం. పెద్ద గడ్డల్ని చేర్చుకోవడం మానేశాం.”

“మరి అవి ఏమైపోతాయండీ?” అంది సత్యవేణి.

“అవి మా పరిధిలోకి రావు తల్లీ.”

వేరుశనగ గింజ ప్రమాణం. గింజ మించితే చేర్చుకోరు. ఆ గింజను కూడా ఓ సీసాలో వేసి, సీలు వేసి, బల్ల మీద పెట్టారు. కోదండపాణి గారు స్వయంగా కొలపట్టీ పెట్టి జున్ను గడ్డను కొలిచాడు. నూలుపోగంత ఎక్కువ వచ్చింది.

“గింజలన్నీ ఒక్కలా ఉండవు గదండీ. మా ఊరి కాయలు పెద్దవండీ,” అని బతిమాలింది సత్యవేణి.

“ప్రమాణం ప్రమాణమే తల్లీ.”

“అయితే ఏం చెయ్యమంటారు మమ్మల్ని?”

“ఏముంది? గడ్డ తగ్గాక తీసుకురండి. క్షణం ఆలస్యం లేకుండా చేర్చుకుంటాం.”

సత్యవేణి ప్రభుదాసు వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బయట చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు.

ఊళ్లో ఇంకో పశువైద్యుడున్నాడు. ఆయన దగ్గరికీ వెళ్లారు. “నేను కత్తి పెట్టకూడదండీ. క్యాన్సరని అనుమానం వస్తే చాలు, కేంద్రానికే పంపమన్నారు. కాదని కోస్తే నా లైసెన్సు కోసేస్తారు,” అన్నాడు. వాళ్లు చెప్పులేసుకుంటూంటే, “డాబా ఎక్కనివ్వకండి. నీడపట్టున ఉంచండి,” అని మాత్రం చెప్పాడు. ఆ ఏడు సత్యవేణి వడియాలు పెట్టలేదు.

పసుపు రాసింది. వేపనూనె రాసింది. మొక్కుకుంది. కానీ గడ్డకు చదువు లేదు, ఉత్తర్వు చదవలేదు. దాని పాటికది పెరిగింది. రేగుపండంత అయ్యింది.

సరిగ్గా అప్పుడే పేపర్లో చల్లని కబురు పడింది. కేంద్రంలో గింజ నిబంధన ఎత్తేశారు. ఎంత గడ్డయినా తీసుకురావచ్చు!

“చూసేవా? ప్రతిదానికీ కంగారు పడిపోతావు,” అన్నాడు గవర్రాజు.

నిబంధన ఎందుకు ఎత్తేశారో వెళ్లాక గాని తెలియలేదు. చిన్న గడ్డ కుక్క ఒకటి శుభ్రంగా కోయించుకుని, కుట్లు విప్పించుకుని, ఇంటికెళ్తూ గేటు బయట ఆటో కింద పడి పోయింది. పోయింది గనక పోయిన లెక్కలోనే రాశారు. బోర్డు మీద శాతం సరిగ్గా తొంభైకి దిగింది. విచారణ సంఘం కూర్చుంది. గొలుసు పట్టుకున్న యజమానురాలు హారను మోతకు కంగారుపడి గొలుసు వదిలేసిందని తేల్చింది. కాబట్టి శునకము యొక్క బతుకును నిర్ణయించేది గడ్డ కాదు, యజమాని కంగారు. ఆ ముక్క తేల్చినందుకు సంఘానికి శాలువాలు కప్పారు.

అందుచేత ఇకమీదట కుక్కను చేర్చుకునే ముందు దానికి అన్నం పెట్టే మనిషికి ప్రశాంతతా పరీక్ష.

“నా కొంప మునిగింది,” అంది సత్యవేణి, గుమ్మంలోనే.

ఆ ఇంట్లో జున్నుకు ఆవిడ కలిపితే తప్ప ముద్ద దిగదు. తప్పించుకునే దారి లేదు. దివిజ తల్లి చెవిలో నూరిపోసింది. “అమ్మా, ఆయనేం అడిగినా నవ్వు. ఏమన్నా సరే, నవ్వుతూనే ఉండు.”

పరీక్ష గదిలో అగరొత్తులు వెలుగుతున్నాయి. సత్యవేణి చేతికి బీపీ పట్టీ చుట్టారు. కోదండపాణి గారు ఎదురుగా కూర్చున్నాడు. పక్కన ప్రభుదాసు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మీ శునకమునకు క్యాన్సరు. మీ మనఃస్థితి ఎట్లున్నది?”

“చాలా బాగుందండీ,” అని నవ్వింది సత్యవేణి.

“గడ్డ పెరుగుతున్నది. ఇప్పుడు?”

“ఇంకా బాగుందండీ.”

“ఒకవేళ గతిస్తే?”

అయినా నవ్వింది. “ఆయ్, దాందేముందండీ. అందరం పోయేవాళ్లమే గదా.”

బీపీ ముల్లు కదలలేదు. కోదండపాణి గారు ముగ్ధుడయ్యాడు. “ఇంతటి స్థితప్రజ్ఞత మేము యోగాశ్రమాల్లో కూడా చూడలేదమ్మా! ఇక లాంఛనంగా ఆఖరి ప్రశ్న. ఇంట్లో గ్యాసు కట్టేసి వచ్చారా?”

ముల్లు ఎగిరి చివర కొట్టుకుంది.

“కట్టేనా?” అని లేచి నిలబడింది సత్యవేణి. “దివిజా! కట్టేనుటే? పప్పు దింపేను. పోపు పెట్టేను. తరవాత... ఓరి దేవుడో, తరవాత పక్కింటావిడ పిలిచింది!”

“అమ్మా, నవ్వూ!” అంది దివిజ.

అప్పటికే ఆవిడ వరండా దాటింది. పట్టీ చేతికే ఉంది. పట్టీకి గొట్టం, గొట్టానికి మిషను, మిషను వెనకాల “అమ్మా, ప్రభుత్వ ఆస్తి!” అంటూ కోదండపాణి గారు. ఆ ఊరేగింపును ఆటోస్టాండు వాళ్లందరూ చూశారు.

ఇంటికెళ్తే గ్యాసు కట్టేసే ఉంది. ఎప్పుడూ కట్టేసే ఉంటుంది.

సత్యవేణి పొయ్యి గట్టును పట్టుకుని నిలబడిపోయింది. “నా వల్లే గదండీ వాడికి సీటు పోయింది,” అంది.

గవర్రాజుకు ఏదో వేళాకోళం నోటిదాకా వచ్చి ఆగింది. “ఊరుకోవే. వాళ్లు గ్యాసు గురించి అడక్కపోతే ఇంటి తాళం గురించి అడుగుదురు,” అన్నాడు. ఆ రాత్రి ఆయనే జున్నుకు అన్నం కలిపాడు. జున్ను వాసన చూసి, మర్యాదకు ఓ మెతుకు తిని, వెళ్లి సత్యవేణి కాళ్ల దగ్గర పడుకుంది.

తర్వాత రోజుల్లో కేంద్రం చేసిన ప్రగతి ఇంతా అంతా కాదు. ప్రశాంతతా పరీక్ష పెట్టినా శాతం తొంభై అయిదు దగ్గర మొండికేసింది. మళ్లీ అధ్యయనం. ఈసారి ఊరి కుక్కలన్నిటినీ పరిశీలించారు. గడ్డ అసలు లేని కుక్కల్లో చర్మ క్యాన్సర్ మరణాలు సున్నా అని తేలింది. ఎంత వెతికినా ఒక్కటి కనబడలేదు. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ మనకు తట్టలేదేమని కోదండపాణి గారు కళ్లు తుడుచుకున్నాడట. బోర్డు మీద “100” వెలిగింది. దాన్ని చూడ్డానికి రాజధాని నుంచి కమిషనర్ గారు స్వయంగా వస్తున్నారని ఊరంతా దండోరా వేశారు.

జున్ను గడ్డ నిమ్మకాయంత అయ్యి, పగిలి, రసి కారడం మొదలెట్టింది. కుక్క తోక ఆడించడం మానలేదు గాని, ఆడించాక ఆయాసపడేది. సత్యవేణి పాత నేతచీరలో దాన్ని చుట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఆటో ఎక్కింది. గవర్రాజు ఆఫీసుకు సెలవు పెట్టి పక్కన కూర్చున్నాడు. ఆవిడ దారంతా ఒక్క కీడూ శంకించకపోయేసరికి ఆయనకే భయమేసింది.

గేటు దగ్గర మామిడాకుల తోరణాలు, బ్యాండు మేళం. కాపలావాడు ఆపేశాడు. “ఇయ్యాల గడ్డలున్న కుక్కల్ని రానివ్వొద్దన్నారండీ. వార్డు పాడైపోద్దంట.”

అదే గేటు పక్కన పట్టుచీరలో రైసుమిల్లు కామేశ్వరి గారు నిలబడి ఉన్నారు. గొలుసు చివర ప్రిన్సు. తెల్లగా, బూరెలా ఉబ్బి, మెడలో బంతిపూల దండతో.

“మీ ప్రిన్సుకి కూడానా అండీ? ఎక్కడండీ గడ్డ?” అంది సత్యవేణి జాలిగా.

“శ్రీరామ రామ! మా వాడికి గడ్డేవిటండీ! గడ్డుంటే ఇక్కడ సీటిస్తారా? మా వారు ఎంతమందిచేత చెప్పిస్తే దొరికిందనుకున్నారు! ఏసీ గది, పొద్దున్నే ఉడికిన గుడ్డు, సాయంత్రం వంట్లో నలత లేదని డాక్టరు సంతకం. మా వదినగారి కుక్కకి దొరకలేదని ఆవిడ నాతో మాటలు మానేసింది.” కామేశ్వరి గారి చూపు చీర మూట మీద పడింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అవతలికి జరిగారు. “అయ్యో, మీది నిజంగానే రోగంతో ఉందే! ఇక్కడికి తెచ్చారేవిటమ్మా?”

లోపల సభ జరుగుతోంది. కమిషనర్ గారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు. “మరణమును జయించిన ఈ కేంద్రమును చూసి ప్రభుత్వం గర్విస్తున్నది. ఈ విజయమును రాజధానిలో గోడకెక్కిస్తాం. చికిత్సకు పూర్వం ఒక ఫొటో, చికిత్స అనంతరం ఒక ఫొటో. పక్కపక్కన. ఏదీ, ‘పూర్వం’ తీసుకురండి.”

కోదండపాణి గారు చప్పట్లు కొట్టబోయి ఆగాడు. “పూర్వమా అండీ?”

“అదేనయ్యా. రోగంతో ఉన్నది. ఒక్కటి చాలు.”

వార్డంతా గాలించారు. గదులు తెరిచారు, మంచాల కింద చూశారు. ఎటు చూసినా బొద్దుగా, నిగనిగలాడుతూ, ఆవలిస్తున్న కుక్కలే. క్యాన్సర్ ఆస్పత్రిలో క్యాన్సర్ కరువైపోయింది. కోదండపాణి గారి కండువా చెమటకు తడిసిపోయింది. ఏ దిక్కూ తోచక వీధి గేటు వైపు పరిగెత్తాడు.

అక్కడ చీర మూటతో సత్యవేణి.

“అమ్మా! తమరు బయట నిలబడడమేమిటి! ఎవడ్రా ఈవిణ్ణి ఆపింది? కుర్చీ వెయ్యండి! మజ్జిగ తెండి!” అంటూ ఆవిణ్ణి వేదిక దాకా నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాడు. మూట అంచు తొలగించి చూసిన కమిషనర్ గారి ముఖం విప్పారింది.

“ఆహా! ఎంత చక్కటి గడ్డ! ఇంతసేపూ దీన్ని ఎక్కడ దాచారయ్యా?”

ఫొటోగ్రాఫరు దీపం సరిచేశాడు. ‘అనంతరం’ కోసం ప్రిన్సును దువ్వెనతో దువ్వి పక్కన నిలబెట్టారు.

“ఫొటో తీసేక మావాణ్ణి చేర్చుకుంటారాండీ?” అంది సత్యవేణి.

“ఫొటో తీసేక తమరు నిరభ్యంతరంగా ఇంటికి తీసుకెళ్లవచ్చు,” అన్నాడు కోదండపాణి గారు.

“మరి పక్కన ప్రిన్సుని నిలబెట్టేరు?”

“చికిత్స అనంతరం తమ శునకం అలా ఉంటుందన్నమాట. కాగితం మీద పూర్తిగా నయమైపోతుంది తల్లీ. మచ్చ కూడా ఉండదు.”

గవర్రాజు పిడికిలి బిగించి ముందుకు రాబోయాడు. సత్యవేణి ఆయన్ని చూపుతోనే ఆపింది. పుట్టిన దగ్గర్నుంచి ఏమవుతుందో ఏమవుతుందో అని వణికిన మనిషి. అయ్యేది ఇదిగో, ఇప్పుడు ఒళ్లో ఉంది, వెచ్చగా, రసి కారుతూ. మూటను గుండెకు హత్తుకుంది.

“నేనో మాట అడుగుతానండీ. చెప్పినాకే ఫొటో.”

“అడగమ్మా, అడుగు. ప్రభుత్వం ప్రజల కోసమే గదా ఉన్నది,” అన్నారు కమిషనర్ గారు.

“వీడు బతుకుతాడాండీ?”

కమిషనర్ గారు కోదండపాణి గారి వంక చూశారు. కోదండపాణి గారు బోర్డు వంక చూశాడు. “ఈ విషయమై మా కేంద్రం యొక్క బతుకు శాతం నూటికి నూరు—”

“శాతం కాదండీ. వీడు.”

“సగటున తీసుకున్నచో, శునకములలో—”

“శునకాలు కాదండీ. వీడండీ. జున్నుగాడు. ఈ ఒక్కడు.”

బ్యాండు వాళ్లు సన్నాయి దించారు. ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. అంతమంది అధికారుల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ప్రిన్సు ఒక్కటే గుడ్డు తేన్పు తేన్చింది.

దండల పళ్లెం పట్టుకుని వెనక వరసలో నిలబడ్డ ప్రభుదాసు, పళ్లెం కింద పెట్టాడు. ముందుకు వచ్చి సత్యవేణి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. గడ్డ చుట్టూ వేళ్లతో మెల్లగా ఒత్తాడు. కాళ్ల సందుల్లో తడిమాడు. ఒకచోట బిళ్ల తగిలి వేళ్లు ఆగాయి. మళ్లీ తడిమాడు. జున్ను ఆయన మణికట్టు నాకింది.

“ప్రభుదాసు గారూ,” అన్నాడు కోదండపాణి గారు, పళ్ల మధ్యనుంచి. “బోర్డు మీద నూరు ఉన్నది. ఇది చేరి, ఏమన్నా అయితే ఉండదు. మీ సొంతూరు ఇక్కడికి ఎంత దగ్గరో, బదిలీ ఎంత దూరమో ఆలోచించుకుని నోరు తెరవండి.”

సత్యవేణి ప్రభుదాసు మొహంలోకే చూస్తోంది. కమిషనర్ గారు గడియారం చూసుకున్నారు. తోరణంలోంచి ఓ మామిడాకు రాలి వేదిక మీద పడింది. ప్రభుదాసు ఇంకా అలా మోకాళ్ల మీదే ఉన్నాడు, రెండు వేళ్లూ ఆ బిళ్ల మీదే ఉన్నాయి. ఇక ఆయనా చెప్పడనుకుని సత్యవేణి చీర కప్పబోయింది.

“మొదట తెచ్చిన రోజున అయితే బతుకుతాడనే చెబుదునమ్మా,” అన్నాడు ప్రభుదాసు. “ఇవాళ నాకు తెలీదు. లోపలికి పదండి, కోద్దాం.”